ఫాల్‌బ్యాక్ లేని ప్రభుత్వం

మంచినీటి శాఖ వెబ్‌సైటు ఇకపై మంత్రిగారి సొంత చేతిరాతలోనే ప్రజలతో మాట్లాడుతుందని ఆయనే పత్రికలవాళ్ళను పిలిచి ప్రకటించారు. "కుళాయిలో నీళ్ళు ఎవరైనా ఇస్తారు. అక్షరాల్లో ఆత్మీయత ఎవరిస్తారు?" అని కూడా అడిగారు. కుళాయిలో నీళ్ళు ఎవరిస్తున్నారని తిరిగి అడిగేలోపే టీలు వచ్చేశాయి.

ఆ చేతిరాతను ఫాంటుగా మలిచి వెబ్‌సైటులో పెట్టే భాగ్యం, శాఖలో అందరూ వెబ్బమ్మాయి అని పిలిచే ఉద్యోగినికి దక్కింది. అక్షరాలూ, గుణింతాలూ, వత్తులూ విడివిడిగా రాసిమ్మని ఆమె తెల్లకాగితాలు పంపింది. మంత్రిగారు తన పేరు రాసి, పక్కన జిందాబాద్ అని రాసి పంపించారు.

"మిగతా అక్షరాలండీ?" అని పీయేని అడిగింది.

"ఆ రెండు ముక్కలు కాక మన శాఖలో ఇంకేముందమ్మా?" అన్నాడు పీయే.

చేసేది లేక, దొరికిన అక్షరాలతో ఫాంటు చేసింది. లేనివాటి చోట మామూలు ఫాంటు కనబడేలా ఏర్పాటు చేసింది. పేజీ చక్కగా తెరుచుకుంది. మంత్రిగారు చూసి మొహం చిట్లించారు.

"ఈ సన్నక్షరాలెవరివి? నావి కావే!"

"అది ఫాల్‌బ్యాక్ ఫాంటండీ. మీ అక్షరం లేనిచోట అది వస్తుంది."

"ఫాల్‌బ్యాక్ అంటే?"

"అంటే... వెనక్కి తగ్గడం లాంటిదండీ."

మంత్రిగారు కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నారు.

"చూడమ్మా," అన్నారు మంత్రిగారు కన్నతండ్రిలా, "మా ప్రభుత్వం ఎప్పుడైనా వెనక్కి తగ్గిందా? నేను లేనప్పుడు నా కుర్చీలో ఇంకొకడు కూర్చుంటే ఊరుకుంటావా?"

"తీసేస్తానండీ."

"కుర్చీనా?"

"ఫాంటునండీ."

తీసేసి, ఇంకే ఫాంటూ చొరబడకుండా కట్టుదిట్టం చేసింది. మంత్రిగారి పేరు ముత్యాల్లా మెరిసింది. మిగతా చోటల్లా అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు బారులు తీరాయి. "ఎంత క్రమశిక్షణ!" అని మంత్రిగారు మురిసిపోయారు. గిట్టనివాళ్ళు దీన్ని సొంత డబ్బా అన్నారు. అది అన్యాయం. డబ్బాలు అనేకం.

"జనానికి అర్థం కాదేమోనండీ," అని వెబ్బమ్మాయి నసిగింది.

"అర్థమైనన్నాళ్ళూ ఏం చేశారు? ధర్నాలు," అన్నాడు పీయే.

వెబ్బమ్మాయి అత్తగారు మేడమీదికి బిందెలు మోసి మోసి నడుము పోగొట్టుకున్న మనిషి. మేడమీద కొత్త కుళాయికి తానే దరఖాస్తు పెట్టుకోవాలని పట్టుబట్టింది. "నీ సిఫార్సు నాకక్కర్లేదే," అని కోడల్ని ఆఫీసుకి పంపేసి ఫోను తీసింది. తెరనిండా డబ్బాలు. కళ్ళజోడు తుడుచుకుంది. మళ్ళీ డబ్బాలే. అడుగున రెండు బటన్లు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్దది మంచిదే అయ్యుంటుందని దాన్నే నొక్కింది.

కొత్త కుళాయి కావాలన్నది చిన్న బటను. ఉన్న కుళాయి స్వచ్ఛందంగా వదులుకుంటానన్నది పెద్దది. పొదుపు పథకం కింద దాన్ని పెద్దగా పెట్టమని పైనుంచి ఆర్డరు.

మర్నాడే శాఖ మనిషొచ్చి కింద ఉన్న ఒక్క కుళాయీ ఊడదీసేశాడు. "వీధి వీధంతా మీలాంటి త్యాగమూర్తులేనమ్మా," అని దండం పెట్టి మరీ పోయాడు.

"నేనేం నొక్కానే?" అంది అత్తగారు, కోడలు గుమ్మంలో అడుగు పెట్టగానే.

"కుళాయి వద్దని నొక్కారత్తయ్యా."

"వద్దని ఎక్కడుంది అందులో?"

కోడలు ఫోను అందుకుని చూసింది. ఆ డబ్బాలు తన చేత్తో పేర్చినవే. తెల్లారగానే పీయే దగ్గరికి పరుగెత్తి, పాత ఫాంటు పెట్టేస్తానంది, అత్తగారి కుళాయి పోయిందని మొరపెట్టుకుంది.

"త్యాగధనుల ఇంటి కోడలివా! ముందే చెప్పవేం?" అని పీయే లేచి నిలబడ్డాడు.

అలా సభ ఏర్పాటైంది. అడిగేవాళ్ళే లేరు కాబట్టి నీటికొరత తీరిపోయిందని మంత్రిగారు ప్రకటించారు. అత్తగారికి పూలగుచ్ఛమిచ్చి, రెండు మాటలు మాట్లాడమని మైకు అందించారు.

"బాబూ, నీళ్ళెప్పుడొస్తాయి?" అంది అత్తగారు.

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. "విన్నారా! తను వదులుకుని కూడా పదిమంది కోసం అడుగుతోంది!"

చప్పట్లు ఆగలేదు. ఆ సందట్లో అత్తగారు వేదిక మీదున్న నీళ్ళసీసాలన్నీ సంచీలో వేసుకుని కిందికి దిగింది.

సభ అయ్యాక మంత్రిగారు వెబ్బమ్మాయిని పక్కకు పిలిచారు. "అమ్మా, ఎన్నికలొస్తున్నాయి. మన ఫాంటు బ్యాలెట్ కాగితానికి పనికొస్తుందా?"

"వస్తుందండీ. కానీ మీ పేరొక్కటే కనబడుతుంది. మిగతావాళ్ళంతా డబ్బాలే."

"డబ్బాకి ఓటెవరేస్తారమ్మా?" అని మంత్రిగారు హాయిగా నవ్వారు.

పక్కనే సంచీ మూతి బిగిస్తున్న అత్తగారు తలెత్తింది.

"నేనేస్తా బాబూ."