ఎత్తబడేవారి తాళంచెవులు

బతు బస్తీలో ఆ ఉదయం సింహాచలమ్మ తలపెట్టిన పని చిన్నదే. వేరే దీవిలో, రంగత్‌లో ఉన్న కూతురు గౌతమికి నెలలు నిండాయి. శనివారం బోటుకు టికెట్టు దొరికింది. ఇక పక్కింటి గవరమ్మకు తాళంచెవి ఇచ్చి, తిరిగొచ్చేదాకా కోళ్ళకు కాసిని నూకలు వెయ్యమంటే సరిపోతుంది. తొలిచూలు కాన్పాయె, తల్లి పక్కన లేకపోతే ఆ పిల్ల బెదిరిపోదూ!

గుమ్మం దిగేలోపే గవరమ్మ తానే వచ్చింది, తన ఇంటి మారుతాళంచెవి పట్టుకుని. సునామీ తరువాత ప్రభువును నమ్ముకున్న మనిషి గవరమ్మ. రోజులు దగ్గరపడ్డాయట, కడబూర మోగగానే విశ్వాసులందరూ మేఘాల్లోకి ఎత్తబడతారట, పాస్టరు గారు చెప్పారట. అంతవరకు సంతోషమే గాని, తాను వెళ్ళిపోయాక మేక గతేమిటని ఆమె బెంగ.

"నీకే ఇస్తన్నాను వదినా. నువ్వయితే పక్కా ఇక్కడే ఉంటావు గదా."

సింహాచలమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఈవిడ టైఫాయిడ్‌తో మంచానపడితే గంజి కాచి పోసింది ఎవరు? గాలివానలో ఈవిడ మొగుడి డోంగీ పడవ కొట్టుకుపోతుంటే నలుగురినీ కేకేసి తాడు వేయించింది ఎవరు? అలాంటి మనిషిని, మాట వరసకైనా అడక్కుండా, మిగిలిపోయేవాళ్ళలో కలిపేస్తుందా! అయినా మేక ఏం చేసింది పాపం అనుకుని తాళంచెవి తీసుకుంది. తన ప్రయాణం మాట ఆ కోపంలో గొంతులోనే ఉండిపోయింది.

మధ్యాహ్నానికి ఈ సంగతి సంఘమంతా పాకింది. గవరమ్మ తాళంచెవి ఇచ్చేసిందంటే ఆమె విశ్వాసం అంత గట్టిదన్నమాట. మరి ఇవ్వనివాళ్ళది? దుర్గ తన బాతుల గూటి తాళంచెవి తెచ్చింది. జోగులు వలల కొట్టుది తెచ్చాడు. చిట్టితల్లి అందరికంటే ఆలస్యమైనందుకు నొచ్చుకుంటూ, ఇంటిదీ బీరువాదీ కలిపి ఇచ్చింది. సాయంత్రం పాస్టరు గారు కూడా వచ్చారు. మందంతా ఇచ్చాక కాపరి ఇవ్వకపోతే ఏం బాగుంటుంది? ప్రార్థన మందిరానికి ఉన్న ఒక్కగానొక్క తాళంచెవి తెచ్చి, కాస్త సిగ్గుపడుతూనే గట్టు మీద పెట్టారు.

అప్పుడిక సింహాచలమ్మ అందరితోనూ చెప్పింది, శనివారం తాను రంగత్ వెళ్తున్నానని. విన్నవాళ్ళంతా గుండెలు బాదుకున్నారు. ఆమె లేనప్పుడు బూర మోగితే మేకకు నీళ్ళు పెట్టేదెవరు? పోనీ మీవి మీరు పట్టుకుపొమ్మంటే ఒక్కరూ చెయ్యి చాచలేదు.

"పాస్టరు గారూ, నా కూతురు కానుపండి. మీరయినా మీది తీసుకోండి."

"నేను తీసుకుంటే, ఇక్కడే ఉండిపోతానని అనుకున్నట్టవుతుందమ్మా," అన్నారాయన మెల్లగా.

"నేను ఇక్కడే ఉండిపోతానని అనుకున్నప్పుడు ఎవలికీ ఏటీ అనిపించలేదు గదండి."

ఆయన తల దించుకున్నారు గాని తాళంచెవి మాత్రం ముట్టుకోలేదు.

శనివారం తెల్లవారేసరికి సింహాచలమ్మ ఆ తాళంచెవులన్నీ కొంగున ముడేసుకుని జెట్టీకి బయలుదేరింది. నడుస్తుంటే గుడి గంటల్లా మోగుతున్నాయి. వెనకాలే ఆటోల్లో సంఘమంతా దిగింది. గవరమ్మ అయితే మేకను కూడా తోలుకొచ్చింది, దాన్ని చూస్తేనైనా మనసు కరుగుతుందని.

"ఇంత కఠినమేటి వదినా? దీనికి దిక్కెవలు?"

"కిందున్నన్నాళ్ళూ మీ మేకల్ని మీరే చూసుకోండి. పైకెల్లిన రోజు ఫోన్ కొట్టండి, వచ్చేస్తాను. అందాక ఇదిగో నా తాళంచెవి, నా కోళ్ళకి నూకలు ఎయ్యి గవరమ్మా. అది అడుగుదామనే ఆ రోజు నీ ఇంటికి బయల్దేరాను, నన్ను నోరు తెరవనిచ్చేవా?"

బోటు కూత వేసి కదిలింది. ఎత్తబడవలసిన వాళ్ళందరూ జెట్టీ మీద నిలబడిపోయారు, మిగిలిపోవలసిన మనిషి కొంగున తాళంచెవులతో సహా వెళ్ళిపోయింది.

ఆ రాత్రే గౌతమి తల్లి చెయ్యి పట్టుకుని ఆడపిల్లను కన్నది.

బతు బస్తీలో ఆదివారం ఆరాధన తాళం వేసిన మందిరం మెట్ల మీద, ఎండలో జరిగింది. పాస్టరు గారు ఆ వారం ఓర్పు గురించి మాత్రమే బోధించారు.