దిగపహండి కేబులు

ఠాకురాణి అమ్మవారి యాత్ర జరిగే రోజుల్లో ఒడిశా బరంపురంలో ఎవరి పనులూ అనుకున్నట్టు సాగవు. ఆ సంగతి వెంకటరమణమూర్తికి యాభై ఎనిమిదేళ్ళుగా తెలుసు. అయినా ఆ ఆదివారం పొద్దున్నే ఒక పని పెట్టుకున్నాడు. వీధివైపు ఇనపగేటు కిర్రుమంటోంది. మధ్యాహ్నం అమ్మవారి ఘటం గుమ్మం ముందుకు వచ్చేలోగా దాని మడతబందులు అరగదీయాలి. గ్రైండరేమో పెరట్లో రేకుల షెడ్డులో ఉంది, దాని తీగ మూరెడు. కాబట్టి పెరటినుంచి వీధిదాకా పొడుగాటి ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి తయారు చేయాలి. దాని బదులు గేటుకి నాలుగు చుక్కల నూనె వేయొచ్చు కదా అని భార్య అమ్మణ్ణి అడగలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె నేర్చుకున్నది అదే.

మూర్తిది చింతపండు, పసుపు టోకు వ్యాపారం. వారానికి ఆరు రోజులు దుకాణంలో, ఏడో రోజు షెడ్డులో బతుకుతాడు. షెడ్డులో వైసు, డ్రిల్లు, రంపాలు, పాత సామాన్ల వ్యాపారి పైడన్న అంటగట్టిన సమస్త వస్తువులూ ఉన్నాయి. కిందటి నెల పైడన్న అంటగట్టింది నలభై మీటర్ల వాడిన కరెంటు కేబులు. బొటనవేలంత లావు, లోపల రాగి, పైన నల్లటి రబ్బరు, రబ్బరు మీద పొడుగునా పసుపు గీత.

"దిగపహండి నుంచొచ్చిన సరుకు బాబూ. ఇలాటిది ఇప్పుడు దొరకదు. మీ సేతిలో పడితే దీనికి వంద పన్లుంటాయి," అన్నాడు పైడన్న.

ఆ చివరి మాటకే మూర్తి పడిపోయాడు. వంద కాదుగాని, నెల తిరక్కుండా మూడు పనులైతే దొరికాయి. ఒక ముక్క ఎదురింటి పూర్ణచంద్ర డాబా మీద బట్టలారేసుకునే తీగ అయింది. పూర్ణచంద్ర వరసకు బావ, వీధి యాత్ర కమిటీకి పెద్ద. ఇంకో ముక్క వీధి చివర పాలమ్మే సీతాలు గేదెకు పలుపు అయింది. ఆ గేదె అంతకుముందు తెంపని పలుపు లేదు, దీన్ని మాత్రం వాసన చూసి ఊరుకుంది. మూడో ముక్కలోంచి రాగి లాగేసి, మిగిలిన రబ్బరుతో గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే పట్టా అల్లాడు.

మిగిలిన కేబులు కొయ్యడానికి బల్ల మీద పాత ఒడియా పేపరు పరిచాడు. రంపం చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళజోడు సర్దుకుంటూ వంగితే, సరిగ్గా కేబులు పక్కనే ఒక వార్త కనిపించింది. దిగపహండి దగ్గర ఒక ఊళ్ళో నీళ్ళ పంపు కేబులు ఎవరో ఎత్తుకుపోయారు. నల్లటి లావుపాటి కేబులు, మీద పసుపు గీత. అమ్మినవాణ్ణే కాదు, కొన్నవాణ్ణీ వదిలేది లేదని పోలీసులు చెప్పారు.

మూర్తి చేతిలో రంపం బల్ల మీద పడింది. వార్త ఇంకోసారి చదివాడు. గీత రంగు మారుతుందేమోనని మూడోసారి చదివాడు. మారలేదు.

ఆయన బల్లికి భయపడతాడు, సూదిమందుకు భయపడతాడు, అవన్నీ ఒక ఎత్తు. పోలీసు భయం వేరు, అది వంశంలో ఉంది. వాళ్ళ నాన్న స్టేషను ఎదురుగా నడవాల్సి వస్తే రోడ్డు దాటి అవతలి వైపు పోయేవాడు. మూడు తరాలుగా ఈ వీధిలో ఉన్నారు, ఒక్కనాడూ ఆ గుమ్మం ముందుకు పోలీసు రాలేదు. ఇవాళ ఘటం వస్తుంది, వీధి వీధంతా వాకిట్లో నిలబడుతుంది. అప్పుడే జీపొచ్చి తనను ఎక్కించుకుపోతే? ఇక ఈ వీధిలో తలెత్తుకుని నడిచేది ఎలా?

పైడన్నకు ఫోను చేశాడు. స్విచ్చాఫ్. స్కూటరు తీసి వాడి కొట్టుకే వెళ్ళాడు. తాళం వేసి ఉంది. పక్కన టీకొట్టు అసిరయ్య గిన్నెలు కడుక్కుంటున్నాడు.

"పైడన్న ఏడీ?" అని అడిగాడు మూర్తి, అటూ ఇటూ చూసుకుంటూ.

"ఏటో బాబూ. పొద్దున్న సూత్తే కొట్లోంచి పోలీసాయనొకడు బయిటికొచ్చినాడు. తాళం ఏసీసి ఎల్లిపోనాడు. నాను పలకరించినా మాటాడనేదు."

ఇంకేముంది. పైడన్నను పట్టుకుపోయారు, కొట్టుకు పోలీసులే తాళం వేశారు. ఇక వాడు కేబులు కొన్నవాళ్ళ పేర్లు చెప్పడమే తరువాయి. పైడన్నకు మామూలుగానే నోట్లో మాట ఆగదు, స్టేషనులో అసలు ఆగదు. మూర్తి స్కూటరు ఇంటివైపు తిప్పాడు. దారిలో రెండు చోట్ల ఖాకీ బట్టలు కనిపిస్తే రెండు చోట్లా సందులోకి మళ్ళాడు. వాళ్ళలో ఒకడు పోస్టుమాను.

ఇంటికి చేరేసరికి అమ్మణ్ణి గడపకు పసుపు రాసి, వాకిలి కడిగి, ముగ్గు పెడుతోంది. భర్త చెప్పినదంతా తల ఎత్తకుండా విన్నది.

"పేపర్లో రాసిందీ, మన కేబులూ ఒకటేనని ఎవలు సెప్పినారు? నల్లగా నావుగా ఉన్నవన్నీ దొంగసొమ్మేటండీ?"

"పసుపు గీతే. దిగపహండే. ఇంకేటి కావాల?" అన్నాడు మూర్తి. "ముక్కలన్నీ ఎనక్కి తెచ్చీయాల. మన పేరు మీద ఒక్క మూర కూడా వీదిలో ఉండకూడదు."

"అడిగి తెచ్చుకోండి."

"ఎందుకని అడిగితే ఏటి సెప్పను?"

అమ్మణ్ణి మళ్ళీ ముగ్గు మీదికి వంగింది. మూర్తి షెడ్డులోకి పోయి ప్లయరు తీసుకున్నాడు.

పూర్ణచంద్ర ఇంట్లో అందరూ ఘటం వెంట వెళ్ళారు. మూర్తి బయటి మెట్ల మీదుగా వాళ్ళ డాబా ఎక్కాడు. తీగనిండా తడి చీరలు. ఒక్కొక్క చీరా తీసి, అంచు కలిపి మడతపెట్టి, నీళ్ళ ట్యాంకు మీద వరసగా పేర్చాడు. దొంగతనం చేస్తున్నా మర్యాద తప్పలేదు. కేబులు కత్తిరించి చుట్టగా చుట్టి దిగిపోయాడు. తరువాత సీతాలు గేదె దగ్గరికి పోయాడు. సీతాలు కూడా లేదు. పలుపు విప్పాడు గాని, బదులు కట్టడానికి తాడు తేలేదు. ఇంటికి పోయి తెచ్చేంత ధైర్యమూ మిగల్లేదు. భుజాన ఉన్న, దుకాణం పేరు అచ్చేసిన తువ్వాలు తీసి గేదె మెడకూ గుంజకూ కలిపి ముడేశాడు. గేదె ఆయన వంక జాలిగా చూసింది.

ముక్కలన్నీ షెడ్డులో పోగేసి, మీద గోనెసంచులు కప్పి, గుమ్మంలోకి వచ్చేసరికి ఎదురుగా పోలీసు.

ఆరడుగుల మనిషి. ఖాకీ బట్టలు, నల్ల కళ్ళద్దాలు, ముక్కు కింద రెండు వేళ్ళ మందాన మీసం, చేతిలో లాఠీ. నిలబడింది కేబులు పట్టా మీద. ఆ పట్టా సంగతి అంతవరకూ మూర్తికి గుర్తే లేదు. ఇప్పుడు దాన్ని చూడకూడదని చూపులు ఆ మీసం మీదే బిగించాడు. పోలీసు మాట్లాడలేదు. లాఠీతో గడప మీద రెండుసార్లు టక్‌టక్‌మని కొట్టాడు.

"బాబూ, నాకేటీ తెల్దు," అన్నాడు.

పోలీసు తల అడ్డంగా ఊపాడు.

"తెలుసు బాబూ, తెలుసు. పైడన్న దగ్గిరే కొన్నాను. రసీదు అడగనేదు, అది నా తప్పే. అన్ని ముక్కలూ షెడ్డులో ఉన్నాయి. ఇదుగో, మీ కాళ్ళ కిందున్నది కూడా అదే. వీది జనం సూడకుండా ఎనక దారిని తీసుకెల్లండి, అదొక్కటే అడుగుతున్నాను." ఆ మాట అనేసరికి మూర్తి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

లోపలినుంచి అమ్మణ్ణి పళ్ళెంలో బియ్యం, అరటిపళ్ళు, పసుపుకొమ్ము, కుంకుమ పెట్టుకొచ్చింది. పోలీసు లాఠీ చంకలో పెట్టుకుని, జోలె పట్టి, బియ్యం పోయించుకుని, పళ్ళెంలోని కుంకుమ బొట్టు పెట్టుకున్నాడు. అప్పుడు నోరు తెరిచాడు.

"ఏడో ఇల్లు అయిపోయిందమ్మా, మొక్కు తీరింది. ఇప్పుడు మాటాడొచ్చు. బాబూ, మీకేటైంది? నాను పైడన్నని."

మూర్తి గోడకు ఆనుకున్నాడు. యాత్రలో మొక్కున్నవాళ్ళు వేషం కట్టి ఇల్లిల్లూ తిరగడం ఆయన పుట్టినప్పటినుంచీ చూస్తున్నాడు. పులులొస్తాయి, రాజులొస్తారు, బిచ్చగాళ్ళొస్తారు. పైడన్న పోలీసు వేషం మొక్కుకున్నాడు, ఏడిళ్ళు తిరిగేదాకా మౌనం. పొద్దున్న కొట్టుకు తాళం వేసిందీ వాడే.

"మరి కేబులు?"

"దిగపహండిలో రైసుమిల్లు మూసీసినారు బాబూ. ఆలే అమ్మినారు. కాయితం నా దగ్గిరుంది."

"నీకెలా తెలిసిందే ఈడని?" అన్నాడు మూర్తి భార్యతో, ఆ కాస్త పరువైనా దక్కించుకుందామని.

"కాళ్ళు సూడండి. జోళ్ళు నేవు. ఏసం కట్టినోలు జోళ్ళేసుకోరు కదా." అమ్మణ్ణి పైడన్నకు మజ్జిగ ఇస్తానని లోపలికి పిలిచింది.

మూర్తికి ప్రాణం లేచొచ్చింది. ఒక్కసారిగా ఆకలేసింది, నవ్వొచ్చింది, వీధిలో డప్పులు వినబడుతుంటే ఒళ్ళు పులకరించింది. ఆ ఉత్సాహంలో ఉండగానే గేటు కిర్రుమంది. ఇంకో పోలీసు. ఈయన ఒడ్డూ పొడుగూ మామూలే గాని భుజాన నక్షత్రాలున్నాయి. మూర్తి ఈసారి ముందు కాళ్ళు చూశాడు. జోళ్ళు లేవు.

వచ్చినాయన నిజం ఎస్సై. బరంపురంలో పుట్టినవాడు కాబట్టి, పసుపు నీళ్ళతో కడిగిన వాకిలి, తడారని ముగ్గు చూసి, బూట్లు గేటు బయటే విడిచాడు.

"ఆజ్ఞా, ఈ తువ్వాలు మీ దుకాణందేనా?" అని ఒడియా మర్యాద పిలుపుతో అడిగాడు. "పెద్దరోడ్డు మీద గేదె నిలబడిపోయింది. దాని మెడలో ఉంది. ఎదురింటి పూర్ణచంద్ర బాబు మధ్యలో ఇంటికొచ్చి చూస్తే డాబా మీద కేబులు లేదట, ఫోన్ చేసినారు. మీకేమైనా తెలుసా?"

ఇదీ వేషమేనని మూర్తి మురిసిపోయాడు. ఎంత వివరంగా తయారై వచ్చాడు. "తెలవకేటి? అన్నీ నానే దొంగిలించినాను. రా, సూపిత్తాను," అని షెడ్డులోకి తీసుకెళ్ళి గోనెసంచులు తీశాడు. చుట్ట తీసి తన మెడలో వేసుకున్నాడు. రెండు చేతులూ చాపి, "కట్టు మరి," అన్నాడు.

ఎస్సైకి ఇంత సులువుగా దొరికిన దొంగ ఉద్యోగంలో ఇంతవరకూ లేడు. అనుమానంగా రెక్క పట్టుకుని వాకిట్లోకి నడిపించాడు.

"మాట సూత్తే అచ్చం పోలీసే," అన్నాడు మూర్తి మెచ్చుకోలుగా. "మీసం కూడా పైడన్న దానికన్నా బాగా అంటించినావు." అంటూ రెండు వేళ్ళతో పట్టుకుని లాగాడు.

మీసం రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగాడు. ఎస్సై కళ్ళలోంచి నీళ్ళొచ్చాయి గాని మీసం రాలేదు.

మూర్తికి వేళ్ళు ఎలా విడవాలో తెలియలేదు. పొద్దుటినుంచి పడ్డ భయమంతా ఒక్క పెట్టున తిరిగొచ్చింది. ఇందాకటి భయానికి కారణం లేదు, దీనికి ఉంది. ఎదురింటి డాబా ఎక్కింది తను. గేదెను వదిలింది తను. నేరం ఒప్పుకున్నదీ తనే, సాక్ష్యం మెడలో ఉంది. మజ్జిగ తాగి మూతి తుడుచుకుంటూ బయటికొచ్చిన పైడన్న నక్షత్రాలు చూసి కొయ్యబారిపోయాడు.

"నీది ఏ స్టేషన్?" అన్నాడు ఎస్సై.

పైడన్న మళ్ళీ మౌనం పట్టాడు.

అప్పుడే ఘటం వీధి మలుపు తిరిగింది. వెనక వీధి వీధంతా ఉంది. ముందు పూర్ణచంద్ర ఉన్నాడు. మూర్తి కళ్ళు మూసుకున్నాడు. మూడు తరాల మర్యాద ఇక్కడితో సరి అనుకున్నాడు. డప్పులు ఒక్క క్షణం ఆగాయి. జనానికి కనిపించింది ఇద్దరు పోలీసులు, నడుమ మెడలో కేబులు చుట్టతో వణుకుతున్న దొంగ. ముగ్గురి కాళ్ళకూ జోళ్ళు లేవు.

"అమ్మణ్ణమ్మా, సెప్పనేదేటి? సావుకారు బాబు ఏసం కట్టినారు," అంది సీతాలు. ముందుకొచ్చి బిందెలోని పసుపు నీళ్ళు మూర్తి పాదాల మీద పోసింది, ఎస్సై పాదాల మీదా పోసింది. వెనకున్న ఆడవాళ్ళందరూ అదే చేశారు. ఎవరో ఎస్సై జేబులో అరటిపండు పెట్టారు. డప్పులు మళ్ళీ మొదలయ్యాయి.

"ఆ వణుకు సూడండి," అన్నాడు పూర్ణచంద్ర పక్కనున్నవాళ్ళతో. "నిజం దొంగ కూడా అలా వణకడు. బావా, ఏసానికని ఒక్క మాటంటే కేబులు నానే ఇద్దును కదా. అనవసరంగా స్టేషనుకి ఫోను సేసీసినాను."

మూర్తి నోరు తెరవబోయాడు. వెనకనుంచి అమ్మణ్ణి ఆయన వీపు మీద వేలితో గట్టిగా పొడిచింది. నోరు మూసుకున్నాడు.

ఎస్సై మీసం తడుముకుంటూ అందరి వంకా చూశాడు. పసుపు నీళ్ళలో నిలబడి, జేబులో అరటిపండు పెట్టుకుని, అమ్మవారి ఎదుట ఒక వేషగాణ్ణి అరెస్టు చేస్తే ఈ ఊళ్ళో తన గతి ఏమవుతుందో ఆయనకు బాగా తెలుసు. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నట్టు రాసిమ్మన్నాడు. వేరే కాగితం లేక పూర్ణచంద్ర కమిటీ పుస్తకంలోనే రాశాడు. ఆ కింది వరసలోనే, ఇక ప్రతి యాత్రకూ వీధి తరఫున దొంగ వేషం వెంకటరమణమూర్తి గారిదేనని రాసి, సాక్షి సంతకం ఎస్సై చేత పెట్టించాడు.