రొయ్యల క్రీము

ఆ రోజు ఉదయం ఆ ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య స్నానం చేసి, చీర ఇస్త్రీ చేసుకుని, మధ్యాహ్నానికి ఛానల్ ఆఫీసుకు చేరాలి. భర్త సెలవులో ఉన్నాడు కాబట్టి వీధి చివర ఫ్యాన్సీ షాపుకు వెళ్ళి, ఆవిడ ఎప్పుడూ వాడే ముఖం క్రీము ఒక డబ్బా తేవాలి. అంతే. ఐదేళ్ళ పిల్లవాడు కూడా పాడు చెయ్యలేని పని. కానీ ఆ పని అప్పగించింది ఐదేళ్ళ పిల్లవాడికి కాదు.

ఆవిడ ఒక చిన్న టీవీ ఛానల్లో వార్తలు చదువుతుంది. ఇన్నాళ్ళూ తెల్లవారుజామున, కోళ్ళు కూడా టీవీ పెట్టని వేళ, కూరగాయల ధరలూ వాతావరణమూ చదివింది. సాయంత్రం ప్రధాన వార్తలు చదివే సీనియర్‌కు నిన్న ఉన్నట్టుండి గొంతు పోయింది. "రేపు నువ్వు చదువమ్మా. బాగుంటే ఆ తర్వాత చూద్దాం" అన్నాడు న్యూస్ ఎడిటర్. ఆ 'చూద్దాం' అనే ఒక్క మాట కోసమే ఆవిడ ఏళ్ళ తరబడి చీకట్లో లేచి ఆటో ఎక్కింది.

ఇక ఆయన. ఒక పెద్ద ఆఫీసులో రికార్డుల సెక్షన్ సూపరింటెండెంటు. కింది ఉద్యోగులు ఎదురుగా 'సార్' అంటారు, వెనక 'అన్నీతెలుసు' అంటారు. ఏ విషయం ఎత్తినా "అది నాకు తెలుసు" అని మొదలుపెట్టి, వినేవాళ్ళకు అంతకుముందు తెలిసింది కూడా మరచిపోయేలా చేసి గాని వదలడు. ఈ మధ్య ఆయన జ్ఞానం డబ్బాల వెనక్కి మళ్ళింది. బిస్కెట్ పొట్లమైనా, పళ్ళపొడి అయినా తిప్పి వెనకున్న చీమతలకాయలంత అక్షరాలు చదవనిదే ముట్టుకోడు. చదివింది అర్థం కావడమనేది ఆయన దృష్టిలో వేరే సెక్షన్ వ్యవహారం.

"ఏమండీ, ఈ ఖాళీ డబ్బా పట్టుకెళ్ళి చూపించండి. అచ్చం ఇదే ఇమ్మనండి. ఇంకేం మాట్లాడకండి" అంది భార్య.

"నాకు తెలుసు" అన్నాడు అన్నీతెలుసు.

షాపతను డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. వ్యాపారం చేసే నోరు కదా, ఊరుకోలేదు. పక్కన ఇంకో డబ్బా కూడా పెట్టి, "ఇది కొత్తగా వచ్చింది సార్. ఇదీ బాగానే పోతోంది. లోపల సరుకు రెండిట్లో ఒకటే" అన్నాడు.

రెండూ ఒకటే అని ఇంకొకడు తేల్చేస్తే అన్నీతెలుసు ఒప్పుకుంటాడా? రెండు డబ్బాలనూ వెలుగులోకి పట్టుకెళ్ళి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, కోడిగుడ్డుకు ఈకలు పీకడానికి కూర్చున్నాడు. కొత్తదాని వెనక మొదటి పదార్థం 'వాటర్'. తర్వాత గ్లిజరిన్, ఆ తర్వాత నోరు తిరగని పేర్లు రెండు, చివర్లో పర్ఫ్యూమ్. భార్య వాడేదాని వెనకా అదే గ్లిజరిన్, అవే నోరు తిరగని పేర్లు, అదే పర్ఫ్యూమ్. మొదటి పదార్థం మాత్రం 'ఆక్వా'.

ఎక్కువున్న పదార్థం పేరు ముందు రాస్తారని ఆయనకు తెలుసు. ఖర్మ కాలి అది నిజమే. నిండు అబద్ధం చెయ్యలేని చేటు సగం నిజం చేస్తుంది. ఇక ఆక్వా సంగతంటారా, పేపర్లో వ్యవసాయం పేజీలో ఆయన ఆ మాట చాలాసార్లు చూశాడు. 'కుదేలైన ఆక్వా రంగం' అని పైన, బుట్ట నిండా రొయ్యలున్న ఫొటో కింద. వార్త ఎన్నడూ చదవలేదు. ఫొటో చూస్తే చాలదా?

"ఇందులో రొయ్యలున్నాయి" అన్నాడు మెల్లగా, బరువుగా.

షాపతను ఉలిక్కిపడి అరల వైపు తిరిగాడు. "రొయ్యలా? ఏ అరలో సార్?"

"అరలో కాదయ్యా, డబ్బాలో. అన్నిటికంటే ఎక్కువ అవే. చివర్లో ఈ పర్ఫ్యూమ్ ఎందుకనుకున్నావ్? నీచు వాసన తెలీకుండా!"

షాపతను మూత తీసి వాసన చూశాడు. "గులాబీ వాసనే వస్తోంది సార్."

"చూశావా మరి, ఎంత పకడ్బందీగా చేశారో!"

ఈ మాట షాపతనొక్కడే వింటే కథ అక్కడితో ఆగేది. కానీ ఆయన వెనక, బట్టల సబ్బు కోసం వచ్చిన పక్కింటి పిన్నిగారు నిలబడి ఉంది. ఆమె ఆ కాలనీ మహిళా సంఘానికి అధ్యక్షురాలు. మాంసం ముట్టదు సరికదా, చేపల బండి ఎదురైతే ముక్కు మూసుకుని రోడ్డు దాటుతుంది. వాడేది ఆ క్రీమే.

"బాబూ, నేను పొద్దున్నే రాసుకున్నాను" అంది పిన్నిగారు నీరసంగా.

"ఎంతవరకూ?"

"మెడ దాకా."

అన్నీతెలుసు కళ్ళు మూసుకుని లెక్క వేశాడు. "తక్కువలో తక్కువ రెండు రొయ్యలు, పిన్నిగారూ."

పిన్నిగారు షాపతని మంచినీళ్ళ బిందె లాక్కుని అక్కడికక్కడే ముఖం కడుక్కుంది. తర్వాత ఫోన్ తీసింది. సంఘం అధ్యక్షురాలి చేతిలో ఫోన్ అంటే కోతి చేతిలో కొరివి. క్రీములో రొయ్యలున్నాయని ఆమె పెట్టిన కబురు, వీధి మధ్యకు వచ్చేసరికి కుళ్ళిన రొయ్యలయింది. వీధి అవతలికి చేరేసరికి ఆ క్రీము రాసుకున్న ఒకావిడ ఆసుపత్రిలో ఉందన్నారు. ఆ ఒకావిడ ఎవరని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడిగితే కబురు చప్పబడిపోదూ!

ఎదురింటి ఇన్సూరెన్సు ఏజెంటు బనియన్ మీదే పరుగెత్తుకొచ్చాడు. రొయ్యలు పడని మనిషి. భార్య డబ్బాలోంచి రోజూ దొంగతనంగా క్రీము రాసుకునే మనిషి కూడా అని ఆ పూటే బయటపడింది.

"నాకు రొయ్యలు పడవండీ! చూడండి, ఒళ్ళంతా ఎలా దురదపెడుతోందో!"

"ఇన్నాళ్ళూ పెట్టలేదేం?" అన్నాడు షాపతను, ఏడుపు గొంతుతో.

"ఇన్నాళ్ళూ నాకు తెలీదుగా!"

అన్నీతెలుసు ఉత్త చేతులతో, ఉబ్బిన ఛాతీతో ఇంటికి చేరాడు. భార్య అప్పటికే చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. బయట ఆటో హారన్ కొడుతోంది.

"క్రీమేదండీ?"

"నిన్ను కాపాడాను."

"దేన్నుంచి?"

చెప్పాడు. ఆవిడ తల పట్టుకుంది. "ఆక్వా అంటే నీళ్ళండీ! ఒట్టి నీళ్ళు!"

"నీళ్ళయితే నీళ్ళని రాయడానికి వాడికేం రోగం? పక్క కంపెనీవాడు వాటర్ అని శుభ్రంగా రాశాడుగా!"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడితో నాలుగో కాలి గురించి వాదించాలంటే తీరిక ఉండాలి. ఆవిడకు అది లేదు. ఎండిపోయిన ముఖంతోనే ఆటో ఎక్కుతూ, "మీకు దణ్ణం పెడతాను. నేనొచ్చేదాకా ఎవరితోనూ ఏమీ మాట్లాడకండి" అంది.

ఈసారి "నాకు తెలుసు" అని కూడా అనలేదాయన. భార్య అసూయపడుతోందని అర్థం చేసుకున్నాడు.

మధ్యాహ్నానికి షాపు ముందు జనం పోగయ్యారు. సగం వాడినవీ, అడుగంటినవీ డబ్బాలు తెచ్చి రోడ్డు మీద కుప్పపోశారు. షాపతను సగం షట్టర్ దించి లోపల కూర్చుని, రొయ్యలు పుట్టించిన దేవుణ్ణి తిడుతున్నాడు. అతని అప్పుల సంగతీ, పిల్లల చదువు సంగతీ ఆ జనంలో అందరికీ తెలుసు. తెలిసినంత మాత్రాన చేతిలో రాయి కిందపడెయ్యాలా? ఎవరో ఛానల్‌కు ఫోన్ చేశారు. కెమెరాతో విలేకరి దిగాడు.

"ఇది మొదట కనిపెట్టిందెవరు?" అని అడిగాడు. జనం అన్నీతెలుసును ముందుకు తోశారు. పెద్దగా తొయ్యాల్సిన అవసరం రాలేదు.

"మీరేం చేస్తుంటారు సార్?"

"సూపరింటెండెంటుని."

"ఎక్కడ?"

"రికార్డుల సెక్షన్."

విలేకరి తల ఊపి 'నిపుణుడు' అని రాసుకున్నాడు. సాయంత్రం స్టూడియోకి రావాలన్నాడు. ఛానల్ పేరు విన్నా కూడా, అక్కడ వార్తలు చదివేది తన భార్యేనని ఆయన చెప్పలేదు. ఖ్యాతి వచ్చినప్పుడు ఒంటరిగా రావాలని ఆయన కోరిక. పెళ్ళినాటి కోటు బయటికి తీసి, గుండీలు పట్టకపోతే వదిలేసి, ఛానల్ పంపిన కారెక్కాడు.

అక్కడ స్టూడియోలో న్యూస్ ఎడిటర్ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. "మొదటి వార్త మార్చేశాం. రొయ్యల క్రీము! నిపుణుడు వస్తున్నాడు. నువ్వు ప్రశ్నలడిగితే చాలు."

"సార్, ఆక్వా అంటే నీళ్ళు" అంది ఆవిడ.

"తెలుసమ్మా."

"మరి?"

"నీళ్ళంటే ఎవరు చూస్తారు?"

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనేవాళ్ళు ఉంటారని విన్నాం. ఈయన కెమెరా కూడా పెట్టించే రకం. ఆ ఛానల్లో మేకప్ అంటే ఒక పౌడరు డబ్బా, పగిలిన అద్దం. ఆవిడ పౌడరు అద్దుకుని కుర్చీలో కూర్చుంది. ఎదురు కుర్చీలోకి నిపుణుణ్ణి తెచ్చి కూర్చోబెట్టారు.

ఆవిడ చూసింది. ఆయనా చూశాడు. ఎర్ర దీపం వెలిగింది.

"నమస్కారమండీ" అంది ఆవిడ.

"నమస్కారం... అమ్మా" అన్నాడు ఆయన కంగారులో. కాలనీ మొత్తం టీవీల ముందు కూర్చుని ఆ పిలుపు విన్నది.

ఆవిడ చెంపలు ఎర్రబడ్డాయి. కళ్ళు కొలిమిలో నిప్పుల్లా మెరిశాయి. గొంతు మాత్రం వాతావరణం చదివినంత చల్లగా ఉంది. "ఈ క్రీములో రొయ్యలున్నాయని మీకెలా తెలిసింది?"

"చదివాను."

"ఏం చదివారు?"

"ఆక్వా అని."

"ఆక్వా అంటే?"

"రొయ్యలు."

"నిఘంటువు చూశారా?"

"అక్కర్లేదు. నాకు తెలుసు."

విలేకరి సాక్ష్యంగా తెచ్చిన రెండు డబ్బాలు బల్ల మీద ఉన్నాయి. ఆవిడ రెండిటినీ కెమెరా వైపు తిప్పింది. "ఆక్వా అనేది లాటిన్ మాట. దానికి అర్థం నీళ్ళు. కొన్ని కంపెనీలు అలా రాస్తాయి, కొన్ని వాటర్ అని రాస్తాయి. చూడండి, మిగతా పేర్లన్నీ ఈ రెండిటి మీదా ఒకటే. రొయ్య మాట ఎక్కడా లేదు. ఇప్పుడేమంటారు?"

అన్నీతెలుసు నుదుటి మీద చెమట పట్టింది. అయినా ఓడిపోవడం అలవాటు లేని ప్రాణం. "సరే. రొయ్యలెక్కడుంటాయి?"

"నీళ్ళలో."

"పొద్దుటినుంచీ నేను చెప్తున్నదీ అదేగా!"

కెమెరా పట్టుకున్నవాడు పెదవి కొరుక్కున్నాడు. ఆవిడ డబ్బాలు పక్కకు జరిపింది. "ఈ సంగతి మీకు ఇంతకుముందు ఎవరూ చెప్పలేదా?"

"చెప్పింది. ఇంట్లో ఉన్న మనిషి. ఆడవాళ్ళకి ఇలాంటివేం తెలుస్తాయండీ, ఏదో పౌడరు పూసుకుని..." అని అలవాటు కొద్దీ మొదలుపెట్టి, ఎదురుగా ఉన్నదెవరో గుర్తొచ్చి, తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోయాడు.

ఆవిడ ఆ నోటిని ప్రేక్షకులకు తీరిగ్గా చూడనిచ్చింది. ఆ తర్వాత నవ్వింది. "చిన్న విరామం తర్వాత వాతావరణం."

ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ వేర్వేరు ఆటోల్లో ఇల్లు చేరారు. ఒకే గదిలో ఉన్నా వేర్వేరు ఆటోల్లో ఉన్నట్టే ఉన్నారు. ప్రధాన వార్తల్లో మొగుణ్ణి దులిపేసింది కాబట్టి ఇక జన్మంతా కూరగాయల ధరలే గతి అని ఆవిడకు దిగులు. ఆయనకు మరునాటి ఉదయం గుమ్మం ముందు జనం రాళ్ళతో వస్తారని దిగులు.

ఉదయం తలుపు దడదడలాడింది. ఆయన తలుపు వెనక నక్కాడు. ఆవిడే తీసింది. షాపతను! రెండు చేతులూ జోడించాడు. కళ్ళ నిండా నీళ్ళు.

"అమ్మగారూ, సరుకంతా అయిపోయింది! తలుపు తియ్యకముందే లైను కట్టారు."

"డబ్బాలు తిరిగివ్వడానికా?"

"కొనడానికండీ! నిన్న టీవీలో మీ ముఖం చూశారుగా, ఆ మెరుపు! మీరు వాడే ఆ రొయ్యల క్రీమే కావాలని ఒకటే గోల."

"ఆక్వా అంటే నీళ్ళని చెప్పానుగా?"

"చెప్పారు. కంపెనీవాళ్ళు అలా చెప్పించారని అందరూ అనుకుంటున్నారు. ఆ గుట్టు బయటికి పొక్కనివ్వరటగా!"

అన్నీతెలుసు తలుపు వెనకనుంచి తల బయటపెట్టాడు. "మరి ఆ ఏజెంటు దురద?"

"ఆయనే లైన్లో మొదటాయన సార్. దురద పెడితే పనిచేస్తున్నట్టు గుర్తట."

"పిన్నిగారు?"

షాపతను గొంతు తగ్గించాడు. "దొడ్డిదారిన కబురు పెట్టారు. మందు కింద వాడుకుంటే తప్పులేదటండీ. నిజంగా రొయ్యలున్న డబ్బా చూసి పంపమన్నారు."

అతను వెళ్ళేసరికి ఫోన్ మోగింది. న్యూస్ ఎడిటర్. నిన్నటి బులెటిన్ చూసినంతమంది ఆ ఛానల్‌ను ఎన్నడూ చూడలేదట. సీనియర్‌కు గొంతు వచ్చినా సరే, ఇకమీదట ప్రధాన వార్తలు ఆవిడవే. ఆవిడ ఫోన్ పెట్టేసింది. చీకట్లో ఎక్కిన ఆటోలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

అన్నీతెలుసు పూర్తిగా బయటికొచ్చి, లుంగీ సర్దుకుని, సోఫాలో కాలు మీద కాలేసుకున్నాడు. "చూశావా? అంతా నా వల్లే!"

"అవునండీ, మీ వల్లే" అంది ఆవిడ.

ఆ మాట అక్షరాలా నిజం. నిన్న సాయంత్రం ఆవిడ ముఖానికి ఏ క్రీమూ లేదు. మొగుడి మీది కోపాన్ని ఏ కంపెనీవాడూ ఇంకా డబ్బాల్లో పెట్టి అమ్మడం లేదు.