ఏడో వార్డులో నేపాల్ పౌరుడు

“నేను నేపాల్ పౌరుణ్ణయ్యాను. అలాగని భారతదేశాన్ని వదిలిపెట్టలేదు. రెండు దేశాల భారాన్నీ ఈ భుజాల మీదే మోస్తాను” అని వరదరాజులు గారు నంద్యాలలో ప్రెస్ మీట్ పెట్టి ప్రకటించారు. విలేకరులు ఆయన భుజాల వైపు చూశారు. కుడివైపు పార్టీ కండువా ఉంది, ఎడమవైపు హిమాలయాల బొమ్మ వేసిన శాలువా ఉంది. నెత్తిన నేపాలీ టోపీ. మే నెల కావడంతో టోపీ కింది నుంచి చెమట ఏ దేశానికీ పక్షపాతం చూపకుండా రెండు చెంపల మీదికీ కారుతోంది.

ఆళ్లగడ్డలో నాపరాళ్ల వ్యాపారం చేసుకునే వరదరాజులు గారు ఇంత త్యాగానికి ఎందుకు పూనుకున్నారో తెలియాలంటే, మన రాజకీయాల్లో చదువు ఎంత పెరిగిందో తెలియాలి. ఈ చుట్టుపక్కల డాక్టరేటు లేని నాయకుడు లేడు. ఆయన ప్రత్యర్థి మహానందయ్య ఆరో క్లాసు తప్పి, రెండు డాక్టరేట్లు తెచ్చుకున్నాడు. మున్సిపల్ ఎన్నికల్లో ఏడో వార్డు టికెట్టు మూడోసారి కూడా చేజారితే ఇక తన బతుక్కి అర్థం లేదని వరదరాజులు గారు కుమిలిపోతున్న రోజుల్లో, బెంగళూరు నుంచి జనార్ధన్ అనే అంతర్జాతీయ సమన్వయకర్త దిగాడు.

“డాక్టరేట్లు ఇప్పుడు బేతంచెర్ల లారీ క్లీనర్లకు కూడా ఉన్నాయి సార్. మీ స్థాయికి పౌరసత్వమే కరెక్టు. పక్క దేశం. వీసా గొడవ లేదు. ఉన్నది పోదు, కొత్తది వస్తుంది. డ్యూయల్!” అన్నాడు.

డ్యూయల్ అన్న మాట వరదరాజులు గారికి చాలా నచ్చింది. ఆయన ఫోనులో సిమ్ములు కూడా రెండే.

భార్య వకుళమాలకు మాత్రం విదేశీ వ్యవహారాల్లో అవగాహన తక్కువ.

“ఏమయ్యా, ఈడ వార్డు మెంబరు కూడా కాలేకపోతివి. ఆడికి పోయి ఏం జేస్తావ్?”

“పోయేదేం ల్యా. ఈడ్నే ఉండి ఆడ పౌరుణ్ణయితాండా.”

“ఆ సంగతి ఆ దేశమోళ్లకు తెలుసునా?”

దూరదృష్టి లేనివాళ్లు ఇలాంటి ప్రశ్నలే వేస్తారని వరదరాజులు గారు జాలిపడ్డారు.

బెంగళూరు హోటల్లో పౌరసత్వ ప్రదానం కన్నులపండువగా జరిగింది. పత్రం తలుపంత ఉంది. నిండా నేపాలీ అక్షరాలు, కింద ఎర్ర ముద్ర. దానికి ఫ్రేము కట్టించి, పూలదండ వేసి, ఆళ్లగడ్డలో ఓపెన్ టాప్ జీపు మీద ఊరేగించారు. సన్మాన సభకు బస్టాండు దగ్గర నూడుల్స్ బండి పెట్టుకున్న రంగను కూడా పిలిపించారు. అతని అసలు పేరు రణ్ బహాదూర్. అది పొడుగైందని ఊరు పద్దెనిమిదేళ్ల కిందటే రంగ చేసేసింది. తన తోటి పౌరుడంటూ వరదరాజులు గారు అతనికి వేదిక మీద కుర్చీ వేయించారు.

“ఏ జిల్లా అన్నా మీది? మా దేశంలో పౌరసత్వం ఇచ్చేది జిల్లా ఆఫీసులోనే” అన్నాడు రంగ, మర్యాదగా.

“నంద్యాల జిల్లా!” అని వరదరాజులు గారు మైకులో గర్జించారు. చప్పట్లు మోగిపోయాయి.

వారం తిరక్కుండా టికెట్టు వచ్చింది. విదేశాంగ అనుభవమున్న కౌన్సిలర్ ఊరికి అవసరమని అధిష్ఠానం భావించిందట. ఆయన నామినేషన్‌ను ప్రతిపాదిస్తూ వకుళమాల సంతకం పెట్టింది.

నామినేషన్ల పరిశీలన రోజు మహానందయ్య, వరదరాజులు గారి కొత్త పౌరసత్వాన్ని చాటుతూ ఊళ్లో కట్టిన పద్నాలుగు ఫ్లెక్సీలు ట్రాక్టర్లో వేసుకొచ్చి అభ్యంతరం దాఖలు చేశాడు. ఎన్నికల అధికారిణి గీతాంజలి అన్నీ ఓపిగ్గా చూసింది.

“ఇష్టపడి ఇంకో దేశ పౌరసత్వం తీసుకుంటే మన పౌరసత్వం పోతుంది. పౌరుడు కానివారు పోటీ చేయకూడదు. మూడు గంటల్లోగా తేల్చండి. మీరు నేపాల్ పౌరులా, కాదా?”

వరదరాజులు గారు వరండాలోకి పరుగెత్తి జనార్ధన్‌కు ఫోన్ చేశారు.

“అప్పా, అది దొంగ కాగితమని ఒక్క మాట చెప్పప్పా. నీ కాళ్లు పట్టుకుంటా.”

జనార్ధన్ మనసు గాయపడింది. “మా సంస్థకొక పరువుంది సార్. నూటికి నూరుపాళ్లు ఒరిజినల్. కావాలంటే అఫిడవిట్ ఇస్తా.”

ఇక మిగిలింది రంగ ఒక్కడే. బండి మీద పొయ్యి ఆర్పించి మరీ అతన్ని లాక్కొచ్చారు. ఫ్రేము బల్ల మీద పెట్టారు. రంగ దండ పక్కకు జరిపి, మొదటి రెండు వరుసలు చదివి తల గోక్కున్నాడు.

“ఇది నేను దినామూ సదివేదే మేడమ్. రెండు గ్లాసుల నీళ్లు మరిగించాల. మసాలా ప్యాకెట్టు చించి వేయాల. మూడు నిమిషాలు ఉడకనీయాల. నూడుల్స్ ప్యాకెట్టు ఎనకాల ఉంటాది.”

వరదరాజులు గారి కళ్లలో ఆనందబాష్పాలు నిలిచాయి. నూడుల్స్ వండే విధానాన్ని చూసి ఇంతగా పొంగిపోయిన నాయకుడు ఈ జిల్లాలో మరొకరు లేరు. ఆయన టోపీ తీసి కిటికీలోంచి విసిరేశారు.

“మీకీ భాష వచ్చని నేనెలా నమ్మాలి?” అని గీతాంజలి రంగను అడిగింది.

“మాది నేపాలే మేడమ్. ఇదో, నా పౌరసత్వం కార్డు.”

“ఈ ఊళ్లో ఉంటున్నట్టు ఆధారం?”

“అదీ ఉంది” అని రంగ అదే పర్సులోంచి ఓటరు కార్డు తీసి ఇచ్చాడు.

గీతాంజలి పైకే చదివింది. “రంగ. తండ్రి పేరు వరదరాజులు. వయసు నలభై రెండు. ఏడో వార్డు, ఆళ్లగడ్డ.”

ఆమె రెండు కార్డులనూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

“నేపాల్ పౌరుడికి ఇక్కడ ఓటు ఎలా వచ్చింది? ఎవరు చేయించారు?”

“పోయిన ఎలచ్చన్లప్పుడు ఈ అన్నే...” అని రంగ మాట పూర్తిచేసేలోపే వరదరాజులు గారు అతన్ని గట్టిగా కావలించుకున్నారు.

“మా పెద్దోడు మేడమ్! చిన్నప్పుడే ఆ దేశానికి పోయి పెరిగినాడు.”

గీతాంజలి నామినేషన్ పత్రం తిరగేసింది. “మీ వయసు యాభై ఒకటని రాశారు.”

“మా ఇండ్లల్లో పెండ్లిండ్లు బేగా చేస్తారు మేడమ్.”

అప్పటిదాకా మూల కుర్చీలో కూర్చున్న వకుళమాల లేచి వచ్చింది. ఆమెకు తెలిసినంతవరకు పిల్లలు ఇద్దరే, ఇద్దరూ ఆడపిల్లలే.

“మేడమ్, ఆ కాగితంలో నా సంతకం యాడుందో సూపియ్యండి. కొట్టేసి ఇంటికి పోతా. పెన్నుందా?”

మహానందయ్య లేచి, తన పెన్ను మూత తీసి మరీ ఆమె చేతికిచ్చాడు.