కూర్మయ్యగారు ఇల్లు ఖాళీ చేశారు

ఒక పెద్ద అడవిలో, మన అదృష్టం బాగుండి మనది కాని అడవిలో, తీగల శాఖ అని ఒక ఆఫీసు ఉండేది. పుట్టలకీ తొర్రలకీ బొరియలకీ గూళ్ళకీ తీగలు లాగి ఇవ్వడం వాళ్ళ పని. తీగ కొసకి నోరు ఆనించి మాట్లాడితే ఆ మాట పాక్కుంటూ వెళ్ళి జంక్షన్ చెట్టు మీది గోరింక చెవిలో పడేది. గోరింక దాన్ని ఉన్నదున్నట్టు పక్క తీగలోకి చెప్పేది. అలా ఈ చివర తుమ్మితే ఆ చివర "చిరంజీవ" అనేవాళ్ళు. పులి ఎటు తిరుగుతోందో, ఏ గుంటలో నీళ్ళు మిగిలాయో, ఎవరి పిల్ల ఎవరి పిల్లాడితో కనిపించిందో, అన్నీ తీగ మీదే తెలిసేవి. తీగ లేని ఇంటికి పిల్లనివ్వడం కూడా మానేశారు.

ఆ శాఖలో నిబంధనల అధికారి తాబేలు కూర్మయ్య. ఏది అడిగినా ఆయన చాలాసేపు బదులు చెప్పేవాడు కాదు. అందరూ దాన్ని లోతు అనుకుని పదవి ఇచ్చారు. నిజానికి ఆయన అప్పటికింకా ప్రశ్న దగ్గరే ఉండేవాడు.

కూర్మయ్య చేసిన నిబంధనల్లో పేరు మోసింది ఇల్లు మార్పు నిబంధన. ఇల్లు మారేవాళ్ళు ముందు పాత ఇల్లు ఖాళీ చెయ్యాలి. శాఖ తరఫున ఒకరొచ్చి తలుపు తట్టి, లోపల ఎవరూ లేరని తేల్చాలి. తేలగానే పాత తీగ కోసేస్తారు. ఆ తర్వాత కొత్త ఇంటి తలుపు తట్టి, లోపల మనిషి పలికితేనే కొత్త తీగ వేస్తారు. ఎక్కడో రెండు దొంగ కుందేళ్ళు ఒకే తీగని రెండు బొరియల్లో వాడుకున్నాయని అడవి మొత్తానికి ఈ శిక్ష పడింది. గూట్లో గుడ్లున్నాయి, ఎలా ఖాళీ చెయ్యనని పిచ్చుక వచ్చి ఏడిస్తే, ముందుచూపు ఉండాలమ్మా అని హితవు చెప్పి పంపించాడు కూర్మయ్య. పుట్టుకతోనే వీపు మీద ఇల్లు ఉన్న జీవికి సామాన్లు సర్దడం గురించి ఏం తెలుస్తుంది? ఏదైనా తన దాకా వస్తే గానీ తెలియదు.

తన దాకా ఆ ఎండాకాలమే వచ్చింది. కూర్మయ్య ఉండే మడుగు అడుగంటిపోయింది. ఆయన భార్య రేవమ్మ అప్పటికే గుడ్లు పెట్టడానికి దూరాన ఏటి ఒడ్డు ఇసుకకి వెళ్ళింది. చాలా ఏళ్ళ ఎదురుచూపు తర్వాత వాళ్ళకి మూడు గుడ్లు.

తాబేళ్ళలో ఒక ఆచారం ఉంది. పిల్లలు గుడ్డులోంచి బయటపడి నీళ్ళు తాకేలోపల తండ్రి వాళ్ళకి పేరు చెప్పాలి. చెప్పకపోతే, నీళ్ళు తాకేటప్పుడు ఏ మాట చెవిన పడితే అదే జన్మంతా పేరు. కూర్మయ్య చిన్నాన్న పేరు 'హుష్'. ఆయన పుట్టిన పూట ఏటి దగ్గర ఎవరో కొంగని తోలారు. చదువూ సంస్కారం ఉన్న తాబేలే పాపం, ఒక్క సంబంధం కుదరలేదు.

పేర్లు ముందే చెప్పి పంపవచ్చు కదా అంటారేమో. రేవమ్మ బయల్దేరేనాటికి కూర్మయ్య ఇంకా ఆలోచిస్తున్నాడు. ఎండిన మడుగు వదిలి, ఆఫీసు దగ్గరున్న కొండ కింది నీటిగుంటకి నడుస్తూ నడుస్తూ దారిలో తేల్చాడు. మందాకిని, గంభీరుడు, సుస్థిర. ఎంత బాగున్నాయో అనుకుని తనలో తానే మురిసిపోయాడు. ఇక ఆ మూడు మాటలూ ఏటికి చేరాలి. నడిచి వెళ్ళి చెప్పాలంటే పిల్లలు పెద్దవాళ్ళయిపోతారు. పాత మడుగుకి తిరిగి వెళ్ళి మాట్లాడదామంటే ఆ ఎండకి దారిలోనే ఉడికిపోతాడు. పక్కింటి తీగ అడగడానికి లేదు, ఎవరి తీగలో వాళ్ళే మాట్లాడాలన్నది కూడా ఆయనగారి నిబంధనే. కాబట్టి గుడ్లు పగిలేలోపల కొత్త చోట తీగ రావాలి.

కొత్త గుంట దగ్గర ఆయన కాలు పెట్టీ పెట్టకముందే కాకి కావయ్య వాలాడు. కాకులది తీగ లేని కంపెనీ. మాటని నోట కరుచుకుని పోయి చెప్పి వస్తారు. గద్ద వేగం వరకు ఇస్తామన్నాడు కావయ్య.

"వరకు అంటే?" అని అడిగాడు కూర్మయ్య.

"వరకు అంటే వరకే సార్. నత్త నడక కూడా ఆ లోపలికే వస్తుంది. మేం ఎవరికీ అబద్ధం చెప్పం."

సరే, చూద్దామని "రేవమ్మా, గుడ్లు క్షేమమేనా" అన్న ఒక్క కబురు ఇచ్చి పంపాడు. దారిలో నాలుగైదు కాకులు మారేసరికి ఆ కబురు "రేవమ్మా, గుడ్లు ఏ మూల" అయి ఏటికి చేరింది. గుడ్లు తినే జాతి నోట ఆ మాట వినేసరికి రేవమ్మ ఆ కాకిని ఇసుకలో పడేసి తోక ఈకలు పీకి పంపించింది. కావయ్య మళ్ళీ కనబడలేదు.

తర్వాత కోతుల కంపెనీ. వాళ్ళ మాట స్పష్టంగానే వెళ్తుంది, కాదనలేం. కానీ పోటీ కంపెనీల తీగలు తెంపి, తెంపిన వాటితో ఉయ్యాలలూగే జాతి. పైగా మామిడి పండిందంటే చాలు, కంపెనీ మొత్తం తోటలో ఉంటుంది. గుడ్లు పగిలేది సరిగ్గా మామిడి రోజుల్లోనే. కూర్మయ్య దండం పెట్టి వాళ్ళని సాగనంపాడు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, సొంత ఆఫీసుని వదిలేసి ఊరంతా తిరుగుతున్నానేమిటని తనని తానే తిట్టుకుని, మర్నాడు తీగల శాఖకి దరఖాస్తుదారుడిగా వెళ్ళాడు. ఎదురుగా కూర్చున్నది నక్క జంబయ్య. కూర్మయ్య కింద పనిచేసే ఉద్యోగి, కూర్మయ్య కుర్చీ కోసం ఎన్నాళ్ళుగానో ఓపిక పడుతున్నవాడు. పాత ఇల్లు ఖాళీ చేశారా అని అడిగాడు జంబయ్య. మడుగు వదిలేసి వచ్చాను కదయ్యా అన్నాడు కూర్మయ్య.

"మీ నిబంధనలో మడుగు అని లేదు సార్, ఇల్లు అని ఉంది. ఇల్లు మీ వీపు మీదే ఉంది, మీరు అందులోనే ఉన్నారు" అన్నాడు జంబయ్య.

కూర్మయ్య చాలాసేపు ఆలోచించాడు. రాసింది నేనే కదా, నా ఉద్దేశం నాకు తెలియదా అన్నాడు.

"మీరు రాసింది నేను దిద్దితే మీకే చిన్నతనం సార్. మీరు ఆ కుర్చీలో ఉన్నంతకాలం ఒక్క అక్షరం కదలనివ్వను" అన్నాడు జంబయ్య, ఎంతో వినయంగా.

తాబేలు డిప్పలోంచి బయటికి రావడమంటే అదే ఆఖరి రావడం. కూర్మయ్య గుంట గట్టున కూర్చుని బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. చివరికి ఒక ఉపాయం తట్టింది. ఇల్లు ఖాళీ చెయ్యనక్కర్లేదు, ఖాళీగా కనిపిస్తే చాలు. ఆ రెండిటికీ తేడా తీగల శాఖలో ఎవరూ పట్టించుకోరని ఆయనకి తెలుసు, ఇన్నేళ్ళు అక్కడే పనిచేశాడు. గట్టు మీది రాతి కింద చిన్న సందు ఒకటి చూసుకుని, ఇదే నా కొత్త ఇల్లు, పాత ఇల్లు ఆ పక్కనే పడేసి ఉంది, వచ్చి చూసుకోండని దరఖాస్తు పెట్టాడు.

తనిఖీకి వడ్రంగిపిట్ట టకటకరావు వచ్చాడు. తలుపులు తట్టడంలో ఆయన్ని మించినవాడు లేడని ప్రతీతి. రెక్కల చప్పుడు వినగానే కూర్మయ్య తలా కాళ్ళూ తోకా లోపలికి లాక్కుని బిగుసుకున్నాడు. టకటకరావు డిప్ప మీద వాలి ముక్కుతో తట్టాడు. ఇంట్లో ఎవరండీ అని అడిగి మళ్ళీ తట్టాడు. లోపల కూర్మయ్యకి వెన్ను అదిరిపోతోంది, అయినా కిమ్మనలేదు. పాత ఇల్లు ఖాళీ, తీగ కోసెయ్యండని టకటకరావు కేక పెట్టాడు. లోపల చీకట్లో కూర్మయ్యకి నవ్వాగలేదు. ఇంత తెలివి తనకి ఎలా వచ్చిందా అని ఆశ్చర్యపోయాడు కూడా.

కొత్త ఇల్లు చూడ్డానికి ఇంకెవరో, ఇంకెప్పుడో వస్తారని ఆయన లెక్క. శాఖ పద్ధతి ఎప్పుడూ అదే. కానీ టకటకరావు ఆరోజు తొందరగా ఇంటికి పోవాలనుకున్నాడు. డిప్ప మీంచి కిందికి దూకి, రెండు గెంతులు గెంతి, రాతి మీద తట్టాడు.

"కొత్త ఇంట్లో ఎవరండీ?"

కూర్మయ్య ఇరుక్కుపోయాడు. పలికితే ఖాళీ ఇంట్లోంచి మనిషి పలికినట్టవుతుంది. పలక్కపోతే కొత్త ఇంట్లో మనిషి లేనట్టవుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏం చెయ్యాలా అని అలవాటు ప్రకారం నింపాదిగా ఆలోచించాడు. ఆలోచన తేలి ముక్కు బయట పెట్టేసరికి, ఇంటివారు అందుబాటులో లేరు, దరఖాస్తు మూసివేయడమైనది అని చెప్పేసి టకటకరావు ఎగిరిపోయాడు.

అలా పాత ఇంట్లోనూ కూర్మయ్య లేడని, కొత్త ఇంట్లోనూ లేడని శాఖ తేల్చింది. ఇక ఎక్కడా లేనట్టే కదా. జంబయ్య కళ్ళొత్తుకుని, పెద్దాయన లేని లోటు తీరనిదని నలుగురికీ చెప్పి, వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

మర్నాడు చుంచెలుక చుంచులయ్య పెళ్ళాన్నీ పిల్లల్నీ జొన్నగింజల మూటనీ వెంటబెట్టుకుని వచ్చి డిప్ప ముందు నిలబడ్డాడు. అడవిలో ఖాళీ పడ్డ ఇళ్ళు ఇల్లు లేనివాళ్ళకి కేటాయిస్తారు. ఈ ఇల్లు ఆయనకొచ్చింది.

"అయ్యా, తమరెవరో పొరపాటున మా ఇంట్లో దూరినట్టున్నారు. పిల్లలు ఎండలో ఉన్నారు, కాస్త ఖాళీ చేస్తారా?" అన్నాడు చుంచులయ్య.

ఇది నా ఇల్లు, నేను కూర్మయ్యని అని కూర్మయ్య చెప్పుకున్నాడు. ఆయన ఖాళీ చేసి వెళ్ళిపోయారండీ, మేం ఆఫీసులో అడిగే వచ్చాం అన్నాడు చుంచులయ్య. ఆ చుంచు ఎంత మర్యాదస్తుడంటే, కూర్మయ్యకి కోపం తెచ్చుకోవడం కూడా చేతకాలేదు. తేలేదాకా పిల్లల్ని వీపు మీద కూర్చోనివ్వండని బతిమాలి, సంసారం మొత్తం పైకెక్కింది. ఆ బరువుతో, ఈ తీగ గొడవ ఇవాళ తేలాల్సిందేనని కూర్మయ్య ఆఫీసుకి నడిచాడు.

ఆయన జంక్షన్ చెట్టు కిందికి చేరేసరికి మబ్బు పట్టింది. లోపల్నించి జంబయ్య కబురంపాడు. లేనివారి వాంగ్మూలం తీసుకోవడానికి వీల్లేదు, ఉన్నట్టు తేలాక రమ్మనండి అని. కూర్మయ్య అక్కడే చతికిలబడ్డాడు. సరిగ్గా అప్పుడు, కొమ్మ మీది గోరింక శారమ్మ పక్కనున్న తీగలోంచి రేవమ్మ గొంతు వినిపించింది. ఏటి ఒడ్డున అందరికీ కలిపి వేసిన తీగ అది.

"ఏవండీ, గుడ్లు పగిలాయండీ. ముగ్గురూ బంగారంలా ఉన్నారు. నీళ్ళవైపు పరుగెడుతున్నారు, ఆపలేకపోతున్నాను. పేర్లు చెప్పండి."

కూర్మయ్య లేచి నిలబడ్డాడు. తన పిల్లలు పుట్టారు. ఎన్ని ఏళ్ళుగా ఈ మాట కోసం బతికాడో ఆ క్షణంలో ఆయనకే తెలిసొచ్చింది. కళ్ళనిండా నీళ్ళతో తలెత్తి, శారమ్మని చెప్పమని ప్రాధేయపడ్డాడు.

"తీగ లేనివారి మాట మేం మొయ్యకూడదు బాబుగారూ. తమరు పెట్టిందే కదా" అంది శారమ్మ. మంచి పిట్టే. కానీ పిల్లలున్న పిట్ట, ఉద్యోగం పోగొట్టుకోలేదు.

"మం...దా..." అని కూర్మయ్య మొదలుపెట్టాడు. తాబేలు నోట్లో మాట బయటికి రావడానికి దాని సమయం దానికి కావాలి. ఈలోపు అవతలివాళ్ళని ఊరికే ఉంచకూడదు కాబట్టి, అవతల ఎవరు పిలిచినా, ఇవతల ఎవరూ లేకపోయినా, గోరింకలు రోజూ చెప్పే మాట శారమ్మ తీగలోకి చెప్పేసింది.

"దయచేసి వేచి ఉండండి."

ఏటి ఒడ్డున ఒక్కో మాటా తీగలోంచి రాలుతుంటే ఒక్కో పిల్లా నీళ్ళు తాకింది. పెద్దదాని పేరు దయచేసి. రెండోవాడు వేచి. ఆఖరిది ఉండండి.

కూర్మయ్య ఆ రోజే ఏటికి బయల్దేరాడు. చుంచు కుటుంబం కూడా వీపు మీద ఉంది, వాళ్ళ ఇల్లు ఎటు వెళ్తే వాళ్ళూ అటే కదా. ఆయన చేరేసరికి పిల్లలు నీళ్ళలో బాగానే ఎదిగిపోయారు. గట్టున నిలబడి మందాకినీ, గంభీరుడా, సుస్థిరా అని ప్రేమగా పిలిచాడు. ఒక్కరూ తిరిగి చూడలేదు. మళ్ళీ పిలిచాడు. చివరికి గొంతు సవరించుకుని, తలవంచుకుని, "దయచేసి" అన్నాడు. పెద్దపిల్ల గబగబా ఈదుకుంటూ వచ్చి ఆయన ముక్కుకి ముక్కు ఆనించింది.

ముగ్గురూ బుద్ధిమంతులే. చిన్నదాన్నైతే తిట్టాలన్నా మర్యాదగానే తిట్టాలి. సాయంత్రాలు రేవమ్మ ఒడ్డున నిలబడి ముగ్గురినీ వరసగా పిలుస్తుంది. అప్పుడు నీళ్ళకని వచ్చిన జింకలూ దున్నలూ అన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయి, ఎందుకో తెలియకుండానే నిలబడతాయట.

నీతి: నిదానమే ప్రధానం, ఎదురుచూసేది అవతలివాడైనంత కాలం.