తాళం తీసిన నేరం

తాళాలక్క ఆ ఉదయం వేసుకున్న పథకం చిన్నదే. పదింటికి కోర్టుకెళ్లి తన లైసెన్సు రద్దుచేసిన ట్రిబ్యునల్ పరువు తీయడం, మధ్యాహ్నానికి తిరిగొచ్చి రెండు నెలలుగా మూతపడ్డ తన తాళాల కొట్టు తెరవడం.

"ఎందుకే ఈ పంతం? వేరే పని చూసుకోరాదూ?" అన్నాడు భర్త.

"ఇరవై ఏళ్లుగా ఊరందరి తాళాలూ తీశాను. ఇవాళ నన్ను దొంగంటే నోరు మూసుకుని కూర్చోనా?" అంటూ ఆమె పనిముట్ల సంచి భుజాన తగిలించుకుంది.

జరిగింది ఇదీ. పై వాటావాళ్లు కుళాయి కట్టకుండా ఊరెళ్లారు. నీళ్లు ఆమె మంచం మీదికి కారాయి. ఆమె పైకెళ్లి తాళం తీసి, కుళాయి కట్టేసి, మళ్లీ తాళం వేసి వచ్చింది. తిరిగొచ్చినవాళ్లు కృతజ్ఞతగా కేసు పెట్టారు. అనుమతి లేకుండా 'తాళం తీయుట' చట్టంలో మొదటి తరగతి నేరం, మందలింపుతో సరి. 'వస్తువు తీయుట' మూడో తరగతి, లైసెన్సు రద్దు. ట్రిబ్యునల్ పెద్దలు బుర్రలు బద్దలు కొట్టుకుని, తాళమూ వస్తువే కనుక ఇది మూడో తరగతేనని తేల్చారు. ఆ తాళం తలుపుకే నిక్షేపంగా వేలాడుతున్న సంగతి ఎవరికీ పట్టలేదు. ఆ తీర్పు మీదే ఇవాళ కోర్టులో ఆమె అప్పీలు.

కోర్టు గుమ్మంలో కాపలాదారు "ఏం పని?" అన్నాడు.

"తాళం తీసే విషయమండీ. పదింటికి రమ్మన్నారు."

"అమ్మయ్య, వచ్చావా తల్లీ! పొద్దుట్నించీ నీకోసమే కళ్లు కాయలు కాస్తున్నాయి!"

కోర్టు తాళంచెవుల గుత్తి జేబులో వేసుకుని బంట్రోతు సెలవు మీద పోయాడట. తలుపు తెరిస్తేగానీ విచారణ మొదలవదు కాబోలనుకుని ఆమె మొదటి హాలు తీసింది. గుమాస్తా చప్పట్లు కొట్టి రికార్డుల గదికి లాక్కెళ్లాడు. అక్కణ్నించి న్యాయమూర్తిగారి గదికి.

"నా కేసు పిలుస్తారండీ!"

"పిలిచేది మేమేగా, ముందిది తీయి!"

ఈలోగా ఆమె కేసు పిలవనే పిలిచారు. వెంట వచ్చిన భర్త లేచాడు. "వస్తుందండీ... తాళాలు తీయడానికెళ్లింది."

ఆమె పరుగున లోపలికొచ్చేసరికి ప్రభుత్వ వకీలు ఎగిరెగిరి పడుతున్నాడు. "చూశారా! లైసెన్సు లేకుండా కోర్టులోనే మూడు తాళాలు తీసింది! మూడూ మూడో తరగతి నేరాలే!"

"మూడు తాళాలు పోయాయా?" న్యాయమూర్తి ఉలిక్కిపడ్డారు. "ఆ సంచి వెతకండి!"

"పోలేదండీ, తలుపులకే ఉన్నాయి," అన్నాడు వకీలు.

"మరి తీసిందన్నారు?"

"తీసిందంటే తెరిచిందనండీ! చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు..." అని వకీలు నాలిక్కరుచుకున్నాడు.

"ఆమె అప్పీలూ అదే కదయ్యా," అన్నారు న్యాయమూర్తి.

ట్రిబ్యునల్ తీర్పు కొట్టేశారు. లైసెన్సు తిరిగిచ్చేయమన్నారు. దొంగ అన్న మాట తన మీదినుంచి తొలగిపోయేసరికి తాళాలక్కకు ఏడుపే వచ్చింది. కానీ వకీలు ముందు ఏడవడం ఇష్టంలేక బిగబట్టుకుంది.

ఇక ఉత్తర్వు మీద ముద్ర పడాలి. గుమాస్తా నసిగాడు. "ముద్ర బీరువాలో ఉందండీ. దాని తాళంచెవీ ఆ గుత్తిలోనే..."

అందరూ తాళాలక్క వైపు చూశారు. ఆమె చేతులు కట్టుకుంది.

"ఊరికే తీయనండీ. అనుమతి రాసివ్వండి."

న్యాయమూర్తి నవ్వాపుకుంటూ రాశారు: 'బీరువా తాళం తీయుటకు అనుమతించడమైనది.' ఆమె రెండుసార్లు చదివి, కాగితం వెనక్కిచ్చింది.

"ఆ 'తీయుట' కొట్టేసి 'తెరుచుట' అని రాయండి."

న్యాయమూర్తి అలాగే దిద్దారు. ఆ దిద్దుబాటు మీద ఎవరూ అప్పీలుకు వెళ్లలేదు.