శ్రవణ పద్ధతి

ఊళ్ళు తిరిగి తిరిగి నడుము పోయింది. అందుకని పియానో కచేరీలు మానేసి ఇంట్లోనే పాఠాలు చెబుతానని మా ఆవిడకి మాటిచ్చాను. ఇచ్చిన మర్నాటి నుంచే దిగులు పట్టుకుంది. చప్పట్లు లేని బతుకూ ఒక బతుకేనా?

ఆలోచించి ఒక ఉపాయం పన్నాను. దానికి శ్రవణ పద్ధతి అని పేరు పెట్టాను. శిష్యుడు ముందు వినాలి. వినీ వినీ చెవి పండాలి. అంతదాకా పియానో ముట్టుకోకూడదు.

మొదట పళ్ళ డాక్టరు చేరాడు. గంటసేపు వాయించి, అలవాటు కొద్దీ లేచి వంగి నమస్కరించి లోపలికి వెళ్ళిపోయాను.

"ఏమిటి, వంటింట్లోకొచ్చారు?" అంది మా ఆవిడ.

"పాఠం అయిపోయింది."

"ఆయన ఇంకా కూర్చునే ఉన్నాడుగా."

"చప్పట్లు కొడతాడేమోనని చూస్తున్నా."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "అలసిపోయుంటారు. అలా పార్కుదాకా నడిచి రండి. ఆయన్ని నేను సాగనంపుతాలెండి."

అప్పట్నుంచి అదే వరస. నేను వాయించడం, వంగడం, నడకకి పోవడం. చిత్రంగా శిష్యులు పెరిగారు. దర్జీ దంపతులు చేరారు, వాళ్ళ వెనకే బస్సు డ్రైవరూ వచ్చాడు. చప్పట్లు కూడా బాగానే కొట్టేవారు. కాకపోతే నేను ఇంకా వాయిస్తుండగానే మొదలుపెట్టేవారు.

ఒకనాడు నేను కళ్ళజోడు వెతుక్కుంటుంటే డాక్టరు పియానో ముందు కూర్చుని ఒక చిన్న పాట తప్పు లేకుండా వాయించేశాడు. నాకు మతిపోయింది. ముట్టుకోని మనిషికి వేళ్ళెలా తిరిగాయి?

"చూశావా నా పద్ధతి," అన్నాను మా ఆవిడతో.

"చూస్తూనే ఉన్నానండి," అంది.

ఆ సాయంత్రం నడకలో వాన పట్టుకుంది. తడిసి ముద్దయి సగం దారిలోనే వెనక్కి వచ్చాను. హాలు ఖాళీగా ఉంది. వెనక గదిలోంచి పియానో వినిపిస్తోంది. అక్కడున్నది మా ఆవిడ పుట్టింటి పియానో. ఉతికిన బట్టలు పెట్టుకునే బల్లగానే నేను దాన్ని ఎరుగుదును.

"బొటనవేలు కిందనుంచి పోనివ్వండి డాక్టరుగారూ," అంటోంది మా ఆవిడ. చుట్టూ నా శిష్యులంతా ఉన్నారు.

"ఇదేమిటండీ?" అన్నాను డాక్టరుతో, అయోమయంగా.

"అమ్మగారు మొదటి రోజే చెప్పారండి. హాల్లో కచేరీ, ఇక్కడ పాఠం. కచేరీ అయ్యేదాకా కాస్త ఓపిక పట్టమన్నారు."

సిగ్గుతో చచ్చిపోయాను. "నాకెందుకు చెప్పలేదు?" అన్నాను ఆవిడతో.

"చెబితే వాయించడం మానేస్తారు. వాయించకపోతే మీరు బతకలేరు," అంది, తువ్వాలు నా చేతిలో పెడుతూ. "తల తుడుచుకుని ఆ చివర కూర్చోండి. పాఠం ఎలా చెప్పాలో వినండి. చెవి పండేదాకా పియానో ముట్టుకోకండి."

కూర్చున్నాను. పాఠం అయ్యాక చప్పట్లు కొట్టింది నేనొక్కణ్ణే.